తడా, పొడా?

అమెరికాలో నన్ను చూసి మొట్టమొదట మోసపోయిన ప్రాణి ఒక గుర్రం. ఆ రోజు నేను రెండు బనియన్లు, మూడు చొక్కాలు, బావమరిది ఇచ్చిన స్వెట్టరు, దాని మీద మా ఆవిడ స్వెట్టరు, ఆ పైన జాకెట్టు వేసుకుని, కాళ్ళకి నాలుగు జతల సాక్సులు తొడిగి, మంకీ క్యాప్ పెట్టుకుని గుర్రాలశాలలో పనికి దిగాను. చేతులు కిందికి దిగవు, మెడ పక్కకి తిరగదు. మంచులో కాలు జారి వెల్లకిలా పడ్డాను. పడి అలాగే ఉండిపోయాను. లేవడానికి కావలసిన మోకాళ్ళు ఏ గుడ్డ కింద ఉన్నాయో దొరకలేదు. కంచె దగ్గరున్న తెల్లగుర్రం నింపాదిగా వచ్చి, నన్ను వాసన చూసి, గడ్డిమోపు అనుకుని భుజం దగ్గర ఒక పట్టు పట్టింది. నమిలి చూసి, ఉమ్మేసి వెళ్ళిపోయింది. నేను దేనికీ పనికిరానని తేల్చడానికి మా లెక్కల మాస్టారికి తొమ్మిదో తరగతి దాకా పట్టింది.

అప్పుడు నా తలవైపు నుంచి, తెలుగులో, ఒక గొంతు వినిపించింది.

“ఇవన్నీ కాటనేనా?”

పడ్డావా అని కాదు. దెబ్బ తగిలిందా అని కాదు. నేను తెలుగువాడినని ఎలా తెలిసిందో కూడా చెప్పలేదు. మంకీ క్యాప్ చూసి ఉంటుంది. కళ్ళు పైకెత్తి చూస్తే గుప్పెడంత మనిషి, డెబ్బై దాటిన ఆవిడ, తల మీద హెల్మెట్, చేతిలో కళ్ళెం. నా జాకెట్టు అంచు బూటు మొనతో పైకెత్తి లోపలి చొక్కా చూసింది, కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయని తిరగేసి చూసినట్టు.

“చస్తావు,” అంది. అని తన గుర్రం దగ్గరికి వెళ్ళిపోయింది.

మేమందరం ఆవిణ్ణి డాక్టరమ్మ అనేవాళ్ళం. మేమందరం అంటే అక్కడ తెలుగువాడిని నేనొక్కణ్ణే. తెల్లవాళ్ళు డాక్ అనేవాళ్ళు.

పోయిన సోమవారం ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదయి ఉంటుంది.

“మీరు... హార్సెస్ దగ్గర పని చేసేవాళ్ళు?”

“అవునండి.”

“అమ్మ పోయింది. లాస్ట్ వీక్. ఒక బాక్స్ ఉంది. అమ్మ మీ పేరు రాసింది దాని మీద. నేను ఓపెన్ చేయలేదు. మెయిల్ చేస్తాను, ఓకే?”

పెట్టె బుధవారం వచ్చింది. నేను దాన్ని చెప్పుల స్టాండు మీద పెట్టి రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను. మా ఆవిడ నర్సు. డ్యూటీకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసింది.

“తెరువు. ఏమన్న బాంబా?”

“నీకు తెల్వదు. ఆమె ఊరికే ఏది పంపది. దాంట్ల ఏదో పరీక్ష ఉంటది.”

అవును మరి. ఆవిడతో గడిచిన ఆ ఒక్క చలికాలమంతా నేను పరీక్షలే రాశాను. పరీక్షలంటే పడక బడి మానేసినవాణ్ణి. ఏడు సముద్రాలు దాటొచ్చాక కూడా అవి నన్ను వెతుక్కుంటూ వచ్చాయి, అదీ హెల్మెట్ పెట్టుకుని.

నాకు ఆ పని దొరికిన తీరు కూడా అనుమానించదగ్గదే. మా ఆవిడ ఉద్యోగం మీద నేనూ వచ్చాను. పిస్కాటవేలో అపార్ట్‌మెంట్, ఆవిడ హాస్పిటల్‌కి, నేను సోఫాకి. అక్కణ్ణించి అరగంట డ్రైవ్ చేస్తే ఒక గుర్రాలశాల ఉంది. ఇరవై గుర్రాలు ఉంటాయి. ఎండాకాలంలో మనవాళ్ళ పెళ్ళిళ్ళకి తెల్లగుర్రాన్ని అద్దెకిస్తారు. డోలు మోతలో, స్పీకర్ల గోలలో దాన్ని పట్టుకుని నడవడానికి మనిషి కావాలన్నారు. గుర్రాలతో అనుభవం ఉందా అని ఓనరమ్మ అడిగితే ఇరవై ఏళ్ళు అన్నాను. నిజానికి హైదరాబాద్‌లో మా మేనమామకి బారాత్ గుర్రం ఉండేది. నేను దాని పగ్గం పట్టుకున్నది కొన్నిసార్లే. అందులో ఒకసారి పెళ్ళికొడుకు పడ్డాడు. పెళ్ళిళ్ళు లేని చలికాలంలో మాత్రం లద్ది ఎత్తాలి, గడ్డి వెయ్యాలి, నీళ్ళ బకెట్లలో మంచు పగలగొట్టాలి, గుర్రాలకి కోట్లు కప్పాలి. ఆ సంగతి ఉద్యోగం ఇచ్చాక చెప్పారు.

ఆ ఓనరమ్మ పలకరింపుకి ముందు రూలు చెప్పే మనిషి. గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక రూలు రాసి పెట్టింది: ఎవరి గుర్రానికి వాళ్ళే జీను బిగించుకోవాలి, బిగించుకోలేనివాళ్ళు ఎక్కకూడదు. చేతిలో పట్టులేనివాడు గుర్రం మీద తనకీ ప్రమాదమే, గుర్రానికీ ప్రమాదమే అని ఆవిడ లెక్క. ఒక పెద్దాయన భుజం నొప్పితో జీను ఎత్తలేకపోతే, పదేళ్ళుగా వస్తున్న మనిషని కూడా చూడకుండా ఆ రోజే ఆపేసింది. ఈ రూలు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

డాక్టరమ్మ వారానికి నాలుగు రోజులు వచ్చేది, అందరికంటే ముందు. జీనులూ కళ్ళేలూ పెట్టే గదిని అక్కడ ట్యాక్ రూమ్ అంటారు. చిన్న హీటరు, ఒక బెంచీ, పనివాళ్ళకి తలో అర. అక్కడ ఆవిడ బట్టలు సర్దుకోవడం చూడాలి. ఇంటి దగ్గరే ఒంటికి అంటుకునేలా పట్టు చొక్కా వేసుకుని వచ్చేది. పట్టంటే కొన్నది కాదు. తన పెళ్ళినాటి ధర్మవరం చీర జరీ విప్పించి, కత్తిరించి, లోపలి చొక్కాలు కుట్టించుకుంది. పెళ్ళిచీరని బనియన్ చేసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

“మీ సారు ఏమనలేదా మేడమ్?” అని అడిగాను.

“ఆయన పోయాకే కత్తిరించాను. బీరువాలో ఉండి అది మాత్రం ఏం చేస్తుంది?”

పట్టు మీద పల్చటి ఉన్ని, ఉన్ని మీద గాలి ఆపే కోటు. అంతే, మూడే. మెడకి మఫ్లరు చుట్టదు. వేలాడే అంచు దేనికైనా చిక్కుకుంటే మెడతో సహా పోతావు అనేది. గొట్టంలా ఉండే ఉన్నిగుడ్డ తల మీంచి దించుకుని అంచులు కోటులోకి తోసేసేది. హెల్మెట్ కింద ఉల్లిపొరలాంటి టోపీ, మందం టోపీ పెడితే హెల్మెట్ తల మీద నిలవదని. బూట్లలో ఒక్కటే జత ఉన్ని సాక్సులు. నాలుగు జతలు తొడిగిన నా కాళ్ళని చూసి ఒకరోజు అంది:

“కాలి వేళ్ళు ఆడించు.”

“ఆడట్లేవు మేడమ్.”

“వేళ్ళు ఆడకపోతే నెత్తురు ఆడదు. నువ్వు కాళ్ళకి వేసుకున్నది బట్ట కాదు, కట్టు. పైగా అంత లావు బూటు కాలు పెట్టే రికాబులో ఇరుక్కుంటే, పడ్డప్పుడు గుర్రం నిన్ను ఈడ్చుకుపోతుంది.”

“నేను గుర్రం ఎక్కను కద మేడమ్. లద్ది ఎత్తుత.”

“అయితే లద్దిలోనే పడు.”

కాటన్ అంటే ఆవిడకి పగ. చెమట పట్టినంతసేపూ పీల్చుకుని, ఆగిన నిమిషంలో మంచుముద్ద చేసి వీపుకి అంటిస్తుంది అనేది. “మా నాన్న గుంటూరులో పత్తి వ్యాపారం చేసి నన్ను డాక్టర్ని చేశాడు. ఆయన కూతురుగా చెప్తున్నాను, పత్తిని నమ్మకు.”

పత్తినే కాదు, ఆవిడ దేన్నీ నమ్మేది కాదు. ఫోన్‌లో వాతావరణం చూపిస్తే, “అది సెల్ టవర్ దగ్గర చలి, ఇక్కడిది కాదు,” అనేది. జీను పట్టీ బిగించేటప్పుడు గుర్రం కావాలని కడుపు ఉబ్బిస్తుందని, నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగించమనేది. “చూశావా, దొంగమొహంది, ఇప్పుడు వదిలింది గాలి.” నన్నయితే మొదటి రోజు నుంచీ గాలి నింపుకున్న గుర్రాన్ని చూసినట్టే చూసింది.

నేను ఊరుకునే రకం కాదు. ఎదుటి మనిషి నవ్వేదాకా నాకు నిద్ర పట్టదు. ఓనరమ్మని కూడా నా వచ్చీరాని ఇంగ్లీషుతో నవ్వించాను. డాక్టరమ్మ దగ్గర మాత్రం నా జోకులన్నీ గోడకి కొట్టిన బంతుల్లా తిరిగొచ్చి నాకే తగిలేవి.

“నువ్వు ఊరికే మాట్లాడతావు. మాట్లాడేవాడు చూడడు,” అని ఒకసారి ముఖం మీదే అనేసింది.

ఇక పరీక్షలు. గుర్రానికి కప్పిన కోటు కింద చెమట పట్టిందో లేదో చూడాలంటే భుజం దగ్గర కోటు ఎత్తి చెయ్యి లోపలికి పోనివ్వాలి. వెచ్చగా పొడిగా ఉంటే సరి. తడిగా ఉంటే ఆ కోటు తీసి, ఒళ్ళు తుడిచి, వేరేది కప్పాలి. ఎవరైనా చేత్తో చూస్తారు. డాక్టరమ్మ కోటు ఎత్తి, గుర్రం భుజానికి తన చెంప ఆనించేది. కళ్ళు మూసుకుని అలా కాసేపు.

“ఏంది మేడమ్, గుర్రంతోటి ముచ్చట్లా?” అనేవాణ్ణి.

ఆవిడ చెంప తీసి నావైపు తిరిగేది. “నువ్వు చెయ్యి పెట్టి చెప్పు. తడా, పొడా?”

ఇదీ ప్రశ్న. రోజుకి పదిసార్లు. గుర్రం భుజం కింద తడా పొడా. నీ మెడ వెనక నువ్వే చెయ్యి పెట్టుకుని చెప్పు, తడా పొడా. జీను కింద వేసే దుప్పటి తడా పొడా. ఆ తర్వాత ప్రాక్టికల్సు. “ఈ పట్టీ రంధ్రంలోకి ఈ ముల్లు ఎక్కించు, చూద్దాం, నీకు వచ్చో రాదో.” ఎక్కించేవాణ్ణి. “ఊఁ,” అనేది. మర్నాడు మళ్ళీ అదే పట్టీ, అదే ముల్లు. నిన్న వచ్చినవాడికి ఇవాళ రాకుండా పోతుందా? ఈవిడ నన్ను తీసేయించడానికి తప్పు వెతుకుతోందని గట్టిగా అనుకున్నాను. ఇంత చదివిన మనిషికి నాలాంటివాడు తన భాషలోనే పక్కన లద్ది ఎత్తుతుంటే నామోషీగా ఉందేమో అని కూడా అనుకున్నాను.

ఇలా ఉండగా నా సాక్సులు పోవడం మొదలయింది.

తడిసిన సాక్సులు హీటరు పక్కన ఆరేసి ఇంకో జత వేసుకునేవాణ్ణి. సాయంత్రానికి ఆరేసిన జత ఉండేది కాదు. మొదటి జత పోతే ఎలుకలనుకున్నాను. రెండో జత పోతే నాతో పనిచేసే ఇద్దరు మెక్సికోవాళ్ళని అనుమానించాను. వాళ్ళు ఉన్ని సాక్సులు వేసుకునేవాళ్ళు, నావైపు జాలిగా చూసేవాళ్ళు. నాలుగో జత పోయిన రోజు తలుపు సందులోంచి కళ్ళారా చూశాను. డాక్టరమ్మ నా సాక్సులు రెండు వేళ్ళతో చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని తన సంచీలో వేసుకుంది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను.

“అంత పెద్ద డాక్టరుకు నీ సాక్సులెందుకు?”

“అదే నాకు సమజైతలేదు. ఉన్నోళ్ళకు ఇట్లాంటి జబ్బు ఉంటదంట, అవసరం లేకున్నా తీసుడు.”

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నవ్వు వచ్చింది కాబట్టి ఆ కథ అక్కడితో ఆపేశాను. అదే రోజు తలుపు సందులోంచి ఇంకొకటి కూడా చూశాను. అది చెప్పలేదు, అందులో నవ్వు లేదు కాబట్టి. డాక్టరమ్మ బూట్లు విప్పి, బెంచీ మీద కూచుని, చిన్న అద్దం పట్టుకుని తన అరికాళ్ళు చూసుకుంది. ఒక్కొక్క వేలు మధ్యా, మడమ కిందా, ఎవరిదో కాలు అన్నట్టు. అద్దంలో మొహం చూసుకునే ఆడవాళ్ళు నాకు తెలుసు. పాదాలు చూసుకునే మనిషిని చూస్తే భయం వేసింది. అప్పటికి నాకు ఏదైనా అనుమానంగానే ఉంది.

సాక్సులు పోవడం ఆగలేదు. ఆ తర్వాత వారం నా అరలో కొత్త ఉన్ని సాక్సులు కనిపించాయి. మూడు జతలు, కాగితం చీటీ కూడా తియ్యలేదు. నేను ముట్టుకోలేదు. ఎవరో పొరపాటున పెట్టారో, కావాలని పెట్టారో. తీస్తే దొంగ అంటారు. పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాడు తన అరలో తనది కాని వస్తువుని చూస్తే ముందు పైకప్పులో కెమెరా ఉందేమో చూస్తాడు. నేనూ చూశాను. చలికాలమంతా ఆ మూడు జతలూ నా అరలో, నా చల్లటి కాళ్ళకి మూరెడు దూరంలో, ముట్టుకోని నైవేద్యంలా ఉండిపోయాయి.

జనవరిలో ఒక రోజు. ముందు రోజు వాన పడి, రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నకి నేల అద్దంలా అయింది. గాలి కత్తిలా ఉంది. డాక్టరమ్మ పైకప్పున్న ఆవరణలో అరగంట స్వారీ చేసి వచ్చింది. ఆవిడ గుర్రం ముసలిది, గోధుమరంగు. దాని బకెట్‌లో మంచు పగలగొట్టడం నాకప్పగించకుండా ఎప్పుడూ తనే చేసేది, నేను సరిగ్గా చెయ్యనని. పగలగొట్టి, ముక్కలు తీసి అవతల పారేసింది. తర్వాత కుడిచేతి గ్లవ్ తీసి నాముందు చాపింది. నేను పక్క గుర్రం గదిలో లద్ది ఎత్తుతున్నాను. నడుం లాగేస్తోంది. ముక్కు ఉందో లేదో తెలియడం లేదు.

“ఇందులో చెయ్యి పెట్టి చెప్పు. తడా, పొడా?”

చెయ్యి పెట్టాలంటే పార వదలాలి, నా గ్లవ్ విప్పాలి, ఆ చలిలో వేళ్ళు బయట పెట్టాలి. ఆమె చెయ్యే అందులోంచి వచ్చింది కదా, ఆమెకి తెలియదా? ఇంకో పరీక్ష అనుకున్నాను.

“ఎడారి మేడమ్,” అన్నాను తల ఎత్తకుండానే. “లోపల రెండు ఒంటెలు గూడ ఉన్నయి.”

డాక్టరమ్మ నవ్వింది.

తల ఎత్తి చూశాను, నిజంగానే నవ్వింది. చిన్నపిల్లలా ముక్కుతో, శబ్దం వచ్చేలా. చలికాలం మొదలైనప్పటి నుంచీ నేను ఎదురుచూసిన నవ్వు. ఆవిడ ఆ గ్లవ్ తొడుక్కుని, నవ్వుకుంటూనే గుర్రాన్ని నడిపించడానికి బయటికి వెళ్ళింది. గంటసేపు బయటే ఉంది. నేను ఆ గంటా హుషారుగా లద్ది ఎత్తాను.

నాలుగు రోజులు రాలేదు. వచ్చేసరికి చేతికి కట్టు. ఉంగరం వేలి చివర నల్లబడింది. పక్క వేలు మీద బొబ్బ. గ్లవ్ తడిగా ఉంది. మంచు తీసినప్పుడు నీళ్ళు లోపలికి పోయాయి. తడి ఆవిడకి తెలియలేదు, చలీ తెలియలేదు, వేలు చచ్చిపోవడం కూడా తెలియలేదు.

ఓనరమ్మ ట్యాక్ రూమ్‌లోనే నిలబెట్టి అడిగింది. నేను గుమ్మం దగ్గర పార పట్టుకుని ఉన్నాను.

“డాక్, వేళ్ళలో స్పర్శ ఎప్పటి నుంచి లేదు?”

ఇంగ్లీషు నాకు అంతంతమాత్రమే అయినా ఆ సంభాషణ ఒక్క ముక్క పోకుండా అర్థమయింది. డాక్టరమ్మ రెండేళ్ళు అంది. పాదాల్లో అంతకంటే ముందు నుంచి అంది. మరి జీను పట్టీలు ఎలా బిగిస్తున్నావు అని అడిగింది ఓనరమ్మ. బెంచీ మీదున్న పట్టీ ఒకటి తీసి ఆవిడ చేతికిచ్చింది, ముల్లు ఎక్కించమని. డాక్టరమ్మ ఆ నల్లవేలిని దూరంగా పెట్టి మూడుసార్లు ప్రయత్నించింది. రాలేదు. రోజూ నాతో చేయించిన పరీక్ష అదే.

“ఆ రోజు గ్లవ్ తడిసిందేమో చూడమని ఎవరినైనా అడగాల్సింది,” అంది ఓనరమ్మ. “అడిగావా?”

నా చేతిలో పార బరువెక్కింది.

“లేదు,” అంది డాక్టరమ్మ. “ఎవర్నీ అడగలేదు.”

నావైపు చూడలేదు. నన్ను అడిగానని చెప్పలేదు. నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. ఊరికే మాట్లాడే నోరు అది, ఆ ఒక్కరోజు మాత్రం తెరుచుకోలేదు. ఓనరమ్మ గోడ మీద రూలు వైపు చూడను కూడా చూడలేదు, చూడక్కర్లేదు. డాక్టరమ్మ స్వారీ ఆ రోజుతో అయిపోయింది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో వేలు సంగతి, అద్దం సంగతి చెప్పాను. ఒంటెల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆవిడ నవ్వలేదు. “షుగర్ ఉన్నోళ్ళు రోజు అద్దంల అరికాళ్ళు చూసుకోవాలె. దెబ్బ తాకినా తెల్వదు, కండ్లతోటే చూసుకోవాలె. మేము పేషెంట్లకు రోజు చెప్తం. నువ్వు ఇది నాకు ముందే ఎందుకు చెప్పలే?”

అందులో నవ్వు లేదు కాబట్టి అని చెప్పలేకపోయాను.

అప్పుడు అర్థమయింది, నాకున్న అరకొర బుర్రకి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆపరేషన్లలో మత్తు ఇచ్చిన డాక్టరు ఆవిడ. చివరికి మత్తు ఆవిడ వేళ్ళలో చేరింది. చెంపకి స్పర్శ ఉంది కాబట్టి చెంప ఆనించేది. చెంప పెట్టలేని చోట నన్ను అడిగేది. నాకు పరీక్ష పెట్టలేదు. పరీక్ష అనే ముసుగేసి నా వేళ్ళు వాడుకుంది, ఎవరికీ తెలియకుండా, నాక్కూడా తెలియకుండా.

మార్చి మొదట్లో చివరిసారి వచ్చింది. గుర్రాన్ని ఎవరికో ఇచ్చేస్తోంది. ఉంగరం వేలు చివరి కణుపు లేదు. అప్పుడు కూడా మూడు పొరలూ సరిగ్గా వేసుకుంది, ఎక్కేది లేకపోయినా. గుర్రం భుజం దగ్గర కోటు ఎత్తి చెంప ఆనించింది. చాలాసేపు. ఈసారి నేను ముచ్చట్లా అనలేదు.

“తడా, పొడా?” అంది అలాగే కళ్ళు మూసుకుని.

నా గ్లవ్ విప్పాను. చెయ్యి పెట్టాను. అంత శ్రద్ధగా నేను జీవితంలో దేన్నీ చూడలేదు. భుజం వెచ్చగా ఉంది. ఎముక పక్కన, ముందుకాలు మొదలయ్యే చోట, వెంట్రుకలు కొంచెం అంటుకుని ఉన్నాయి.

“భుజం పొడే మేడమ్. కిందికి, కాలు మొదట్ల, కొంచెం తడి.”

“ఊఁ. ఇప్పుడు చూశావు.”

“మేడమ్, ఆ రోజు గ్లవ్...”

“తెలుసు. బయటికెళ్ళిన గంటకి తెలిసింది. చూసినవాడు తడి అంటాడు, లేకపోతే పొడి అంటాడు. చూడనివాడే ఒంటెల దాకా వెళ్తాడు.” గుర్రం కోటు సర్దింది. “నవ్వొచ్చిందోయ్. నవ్వులో పడి వదిలేశాను. నాదీ తప్పే.”

నేను చేసిన పనికి ఆవిడ సగం వాటా తీసుకుంది. ఆవిడ నా బూట్లవైపు చూసింది.

“అరలో పెట్టిన సాక్సులు వేసుకోలేదేం?”

“అవి మీవా?”

“మరెవరివనుకున్నావు?”

“నన్ను దొంగతనంల పట్టుకోడానికి ఎవరో పెట్టిన్రనుకున్న మేడమ్.”

“నాకంటే అనుమానం మనిషివి.”

“మరి నా సాక్సులు మీరు తీసిన్రా?” ధైర్యం చేసి అడిగేశాను.

డాక్టరమ్మ కళ్ళెం భుజాన వేసుకుంది. “గుర్రం తినేసి ఉంటుంది. దానికి నీ బట్టల రుచి తెలుసుగా,” అంది, మొహంలో గీత కూడా కదలకుండా. కారు దాకా వెళ్ళింది. డ్రైవ్ చేసేముందు కాళ్ళు పెడల్స్ మీద ఆనాయో లేదో వంగి కళ్ళతో చూసుకుంది. ఇంకెప్పుడూ రాలేదు. అది జరిగి మూడు చలికాలాలు.

నిన్న శుక్రవారం పెట్టె తెరిచాను. పైన ఉత్తరం ఉంటుందనుకున్నాను, లేదు. లోపల నా కాటన్ సాక్సులు. తొమ్మిది జతలు. ఉతికి, మడతపెట్టి, జతకో రబ్బరు బ్యాండు. చిల్లుపడ్డ మడమ ఒకటి కుట్టి ఉంది. ఆ వేళ్ళతో కుట్టిందో, ఎవరితో కుట్టించిందో. వంకర కుట్టు చూస్తే తనే కుట్టినట్టుంది. పెట్టె మూత లోపల డాక్టర్ల రాతలో, మందుచీటీ మీద రోజుకి మూడుసార్లు అని రాసినట్టు, ఒకటే మాట: ‘ఎండాకాలానికి.’

చూశారా, దొంగ ఆవిడే. నా అనుమానం నిజమే అయింది. అంతకంటే తెలివితక్కువ నిజం నాకు ఇంకోటి తెలియదు.

ఇవాళ పొద్దున ఉన్ని సాక్సులు ఒక జతే తొడుక్కుని, వేళ్ళు ఆడించి చూసుకుని, పనికి వెళ్ళి వచ్చి ఇదంతా రాశాను. మా ఆవిడ బట్టలు మడతపెడుతుంటే పక్కన కూచుని మొదటి నుంచీ చదివి వినిపించాను. ఒంటెల సంగతి ఆవిడ వినడం ఇదే మొదలు. అక్కడ మడతపెట్టడం ఆపింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. చివర ఒక మంచి మాటతో ముగించాలని నేను ఇలా రాసుకున్నాను: పత్తిని నమ్మలేదు, ఫోన్‌ని నమ్మలేదు, గుర్రాన్ని నమ్మలేదు, ఆవిడ లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి.

“ఎట్లుంది?” అన్నాను.

“ఆ ఆఖరుది కొట్టెయ్యి,” అంది మా ఆవిడ. “నిన్ను నమ్మకపోతే ఆమె వేలు ఉండేది.”